పెన్సిల్‌తో తీసిన నంబరు

ఈ ఉదయం పక్కింటివాళ్ల వ్యాను కిందకి దూరి, తుప్పుపట్టి బిగుసుకుపోయిన ఒక బోల్టు మీద నూనె స్ప్రే కొట్టాను. కిరసనాయిలులో ఏదో తీపి కలిపినట్టుండే ఆ వాసన ముక్కుకి తగిలిందో లేదో విమలక్క గుర్తొచ్చింది. విమలక్క గుర్తొస్తే నేనాడిన ఒక అబద్ధం కూడా వెంటే వస్తుంది. ఆ రెండింటినీ విడదీయడం నాకు ఇంతవరకు చేతకాలేదు. అందుకే ముందే చెప్పేస్తున్నాను. ఆ రోజు తప్పు చేసింది నేను. చూడని నంబరును చూశానని చెప్పాను. దానివల్ల జరిగిన నష్టాన్ని ఒక మంచి మనిషి నెత్తిన వేశాను. నన్ను సొంత తమ్ముడిలా చూసుకున్న విమలక్క నా మాట నమ్మి, ఆయన్ని నలుగురిలో నిలదీసింది. ఆవిడ గురించి గర్వంగా రాయాలని కూర్చున్నాను, గర్వంగానే రాస్తాను. కానీ నా సంగతి దాచిపెట్టి ఆవిడ గొప్పతనం చెప్పడం కుదరదు.

ఆక్లండ్‌లో మౌంట్ ఆల్బర్ట్ అనే పేటలో విమలక్క వాళ్ల ఇంటి వెనక చిన్న ఫ్లాట్ ఒకటి ఉండేది. నేనూ నా భార్య సునీతా అందులో అద్దెకు దిగాం. సామాను దించుతుంటే ఇంటి ముందు ఒక తెల్లటి పాత వ్యాను కింద నుంచి రెండు కాళ్లు బయటికి కనిపించాయి. కాళ్లకి ఆస్పత్రి పనివాళ్లు వేసుకునే తెల్ల బూట్లు. లోపలి నుంచి తెలుగులో గొంతు వచ్చింది. “తమ్ముడూ, ఎవరివో గానీ, ఆ పన్నెండో నంబరు స్పానర్ ఇటందుకో.” నేను వంగి, చేతికి దొరికినది ఇచ్చాను. అది వెంటనే వెనక్కి వచ్చింది. “ఇది పద్నాలుగు. ఇంజనీరువని చెప్పారే మీ ఆవిడ, అంకెలు రావా?” సునీత కిసుక్కున నవ్వింది. కాసేపటికి ఆవిడ బయటికొచ్చింది. యాభై దాటిన మనిషి, నీలం యూనిఫాం మీద పాత చొక్కా తొడుక్కుంది, చెంప మీద గ్రీజు. “మధ్యాహ్నం షిఫ్టుంది నాకు. ఈలోపు టీ తాగుదాం రండి” అంది, పరిచయాలన్నీ అయిపోయినట్టు.

ఆవిడది విజయవాడ. ఆటోనగర్‌లో వాళ్ల నాన్నకు లారీల పాత సామాను కొట్టు ఉండేది. స్కూలు నుంచి రాగానే పుస్తకాల సంచి గల్లాపెట్టె కింద పడేసి, బేరింగులను సైజుల వారీగా సర్దడమే చిన్నప్పుడు తన ఆట అని చెప్పేది. ఇక్కడికొచ్చాక వృద్ధుల రెస్ట్‌హోమ్‌లో కేర్‌గివర్‌గా చేరింది. భర్త శామ్యూల్ గారు సిటీ బస్సు నడిపేవారు. ఒకరోజు పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది, మాట ఒకటీ అరా మిగిలింది. కూతురు గ్రేస్ క్రైస్ట్‌చర్చ్‌లో నర్సింగ్ చదువుతుండేది. భర్తని వీల్‌చైర్‌తో సహా బయటికి తీసుకెళ్లడం కోసం విమలక్క కొన్న బండి అది. జపాన్‌లో అలాంటివాళ్ల కోసమే తయారై, అక్కడ చాలా ఏళ్లు తిరిగి, పాతదై ఓడలో ఇక్కడికి దిగిన వ్యాను. వెనక తలుపు తెరిస్తే లిఫ్ట్ ఉంటుంది. కుర్చీని మనిషితో సహా నేల మీద నుంచి పైకెత్తి లోపల పెడుతుంది. వీల్‌చైర్ ట్యాక్సీలు ఊళ్లో ఉన్నాయి. ఒకసారి నేనా మాటే అంటే అక్క, “ట్యాక్సీ ఎక్కితే ఆయన పేషెంటు. మా బండి ఎక్కితే డ్రైవరుకి డ్రైవరు” అంది. నిజమే. ఆవిడ నడుపుతుంటే ఆయన వెనక కూర్చుని, ఎడమచేత్తో కుర్చీ రెక్క మీద కొట్టి లేన్ మారమనేవారు, బ్రేకు వేయమనేవారు. ఒక దెబ్బయితే ఎడమ, రెండయితే కుడి. ఆవిడ విసుక్కుంటూనే ఆయన చెప్పినట్టే తిప్పేది.

బండితో వచ్చిన చిక్కల్లా విడి సామానుతోనే. ఆ రకం వ్యాను ఈ దేశంలో కొత్తగా ఎప్పుడూ అమ్మలేదు కాబట్టి ఏ షోరూమ్ అరలోనూ దాని సామాను ఉండదు. జపాన్ నుంచి కొత్తది తెప్పించుకోవచ్చు, కానీ మనలాంటివాళ్లకి అందే ధర కాదు. ఆ మొదటి వారంలోనే నేను పెద్దమనిషి తరహాలో, “నెట్‌లో చూసి పెడతానక్కా” అన్నాను. సాయంత్రమంతా వెతికి, పగిలిపోయిన పక్క అద్దానికి జపాన్ కంపెనీ ధర కనిపెట్టి చూపించాను. ఆవిడ కళ్లజోడు సర్దుకుని తీరిగ్గా చదివింది. “బాగుందయ్యా. ఆ అద్దం కొనాలంటే వ్యాను అమ్మాలి. అప్పుడు అద్దంలో ఏం చూసుకోను?” అంది. తర్వాత నా భుజం తట్టి, “శనివారం ఖాళీయేగా. పాత బట్టలేసుకుని రా” అంది.

ఆ శనివారం నన్ను ఊరికి దక్షిణాన ఉన్న యార్డుకి తీసుకెళ్లింది. పాతబడినవి, గుద్దుకున్నవి, బండి రోడ్డుకి పనికొస్తుందో లేదో ఏటా చూసే వారెంట్ తనిఖీలో తప్పినవి, అన్ని రకాల బండ్లనూ అక్కడ వరసలుగా నిలబెట్టి, విడగొట్టి సామాను అమ్ముతారు. యార్డు సియోనే అనే టోంగా దీవుల నుంచి వచ్చినాయనది. తలుపంత మనిషి, గొంతు మాత్రం పసిపిల్లల్ని నిద్రపుచ్చేంత మెత్తన. అక్క బయల్దేరేముందు చేసిన పని చూసి నాకు నవ్వొచ్చింది. వ్యాను ముందుసీటు కింద ఇనుములోకి కొట్టిన ఛాసిస్ నంబరు ఉంటుంది. దాన్ని గుడ్డతో తుడిచి, పల్చటి కాగితం పరిచి, పెన్సిల్‌ని అడ్డంగా పట్టుకుని రుద్దింది. నల్లటి గీతల మధ్య అంకెలు తెల్లగా తేలాయి. మన దగ్గర బండి చేతులు మారేటప్పుడు ఆఫీసువాళ్లు అడిగే ఛాసిస్ ప్రింట్ అది. ఆవిడ ఆ అలవాటుని సముద్రాలు దాటించి తెచ్చింది.

“ఫోన్‌లో ఫొటో తీస్తే సరిపోదా అక్కా?” అన్నాను.

“ఫొటో తీసినా చదవాల్సింది నువ్వేగా. కన్ను తను అనుకున్న అంకెనే చదువుద్ది తమ్ముడూ. పెన్సిల్‌కి ముందే ఏం తెలుసు, పాపం. ఉన్నదే రాసుద్ది.”

యార్డులో ఆవిడ సామాను మాట ముందు ఎత్తలేదు. సియోనే తల్లి మోకాళ్ల నొప్పుల గురించి అడిగింది, డబ్బా తీసి చేగోడీలు పెట్టింది. తర్వాత కాగితం, పగిలిన పాత అద్దం బల్ల మీద పెట్టింది. సియోనే కాగితాన్ని వెలుతురుకి ఎత్తి చూసి, తన ఆఫీసుగా వాడుకునే కంటైనర్ గోడకి పిన్నుతో గుచ్చాడు. ఆ గోడ మీద అలాంటి పెన్సిల్ కాగితాలు అప్పటికే ఏడెనిమిది ఉన్నాయి. “ఈ సిస్టర్ కాగితం తెస్తే నేను ఇంకేమీ అడగను. మిగతావాళ్లు నాకు కథలు చెప్తారు” అన్నాడు నాతో. ఆయన మాట్లాడింది ఇంగ్లీషే. నాకెందుకో తెలుగులోనే గుర్తుండిపోయింది.

ఆ తర్వాత ఏడాది పొడుగునా శనివారాలు ఆవిడ వెంట తిరిగి నేను నేర్చుకున్నది ఏ కాలేజీలోనూ నేర్చుకోలేదు. ఒకే కంపెనీ తన నాలుగు రకాల బండ్లకి పక్కకి జరిగే తలుపు కింద ఒకే రకం చక్రాలు వాడుతుందని, వ్యానుది దొరక్కపోతే చిన్న కారుది సరిపోవచ్చని, పాత ముక్కని పక్కన పెట్టి చూడందే ఏదీ కొనకూడదని తెలిసింది. అద్దం కొరియర్ బండి నుంచి వచ్చింది. సీటు బెల్టులు స్కూలు వ్యాను నుంచి, తలుపు చక్రాలు పూలు మోసే బండి నుంచి వచ్చాయి. “ఈ ఒక్క బండిలో ఆరు బండ్లు తిరుగుతున్నాయి” అనేది అక్క. ఆ ఏడు వారెంట్ తనిఖీకి వెళ్తే, తనిఖీ చేసే తెల్లాయన వ్యాను కింద చాలాసేపు టార్చి వేసి చూసి, “దీన్ని చూసుకునే మెకానిక్ ఎవరు?” అని అడిగాడు. అక్క తలొంచుకుని, “ఇంట్లోవాళ్లే” అంది. వెనక నుంచి శామ్యూల్ గారు కుర్చీ రెక్క మీద డప్పు వాయించినంత పని చేశారు. ఆదివారాలు ఆ వ్యాను ఆయనతో పాటు మరో ఇద్దరు పెద్దవాళ్లని కూడా ప్రార్థన కూడికకి తీసుకెళ్లేది. వాళ్లు ఇల్లు కదిలేది ఆ ఒక్కరోజే.

ఇక నా సంగతి. చలికాలం మొదట్లో లిఫ్ట్ మోటారు కాలిపోయింది. రెస్ట్‌హోమ్‌లో జబ్బులు ప్రబలి అక్కకి వరసగా డబుల్ షిఫ్టులు పడ్డాయి. “సియోనేతో ఫోన్‌లో మాట్లాడాను. మోటార్లు రెండు రకాలంట, పైకి ఒక్కలాగే ఉంటాయంట. వెనక రబ్బరు మ్యాట్ ఎత్తితే లిఫ్ట్‌కి వేరే ప్లేటుంది. దాని మీద కాగితం పెట్టి తీసుకెళ్లు. పాత మోటారు కూడా పట్టుకెళ్లు. చేస్తావా?” అంది. “ఇదేం పనక్కా, నేను చూసుకుంటాగా” అన్నాను. శనివారం పొద్దున సన్నటి వాన పడుతోంది. మ్యాట్ ఎత్తాలంటే తడి నేల మీద మోకాళ్లు ఆనించాలి. పాత మోటారు నిండా నల్లటి జిడ్డు, నా కారు కొత్తది. బండి రిజిస్ట్రేషన్ కాగితంలో సంవత్సరం ఉందిగా, అది చాలని ఉత్త చేతులతో యార్డుకి వెళ్లాను. అది ఆ బండి ఈ దేశంలో దిగి రిజిస్టరైన సంవత్సరం. జపాన్‌లో తయారైంది దానికి చాలా ఏళ్ల ముందు. దిగుమతి బండ్ల విషయంలో ఎవరైనా మొట్టమొదట నేర్చుకునే పాఠం అది. ఏడాది పాటు నేర్చుకున్నవాణ్ని, వానకి, జిడ్డుకి మరిచిపోయాను.

సియోనే చెయ్యి చాపాడు. “పెన్సిల్ పేపర్?”

“వానలో తడిసిపోయింది. సంవత్సరం ఇదీ” అన్నాను.

“సంవత్సరంతో తేలదు బ్రో. ప్లేటు చూశావా? చివర్లో ఏడా, ఎనిమిదా?”

“ఎనిమిది. నేనే చూశాను.”

ఎనిమిది అని ఎందుకన్నానో నాకే తెలియదు. ఆయన ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, మోటారు తెచ్చిచ్చాడు.

మధ్యాహ్నమే బిగించేశాను. బోల్టులు నాలుగూ సరిగ్గా కూర్చున్నాయి, మీట నొక్కితే ఖాళీ లిఫ్ట్ లేచింది, దిగింది. కొంచెం గరగరమంది గానీ పట్టించుకోలేదు. మర్నాడు ఆదివారం. అక్క పొద్దుటి షిఫ్టు నుంచి వచ్చేసరికి శామ్యూల్ గారిని వ్యానులో సిద్ధంగా కూర్చోబెట్టి ఆశ్చర్యపరచాలనుకున్నాను. ఆయన అప్పటికే టై కట్టించుకుని, బైబిలు ఒళ్లో పెట్టుకుని వాకిట్లో ఉన్నారు. కుర్చీని లిఫ్ట్ మీదకి ఎక్కించి మీట నొక్కాను. నడుమెత్తు లేచాక లోపల ఏదో పళ్లు విరిగిన చప్పుడైంది, లిఫ్ట్ ఒక పక్కకి ఒరిగి ఆగిపోయింది. పైకీ పోదు, కిందకీ రాదు. కుర్చీ జారకుండా నేను, ఎదురింటివాళ్లు ఇద్దరు పట్టుకుని నిలబడ్డాం. మళ్లీ వాన మొదలైంది. ముప్పావుగంట ఆయన ఆ గాలిలో, టైతో, తడుస్తూ, వీధిలో పోయేవాళ్లందరి కళ్లముందు ఉన్నారు. అక్క వచ్చీ రాగానే యూనిఫాంతోనే కిందకి దూరి, సుత్తితో పిన్ను కొట్టి విడిపించింది. మేం మెల్లగా దించాం. ఆయన ఎవరి వంకా చూడలేదు. ఒకే మాట అన్నారు, “ఇంట్లోకి.”

ఆయనకి బట్టలు మార్చి వచ్చి అక్క మోటారు విప్పి చూసింది. “ఇది మన రకం కాదు. సియోనే ప్లేటు నంబరు అడగలేదా?”

ఇద్దరు ఎదురింటివాళ్లు, సునీత, అందరూ అక్కడే ఉన్నారు. నా చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది. “అడగలేదక్కా. ఇదే సరిపోద్దని ఇచ్చేశాడు” అన్నాను.

అంతటితో ఆగినా బాగుండేది. ఆ మధ్యాహ్నం, నా మీద నాకున్న కోపమంతా ఎక్కడో కక్కాలి కాబట్టి, మన తెలుగువాళ్లందరూ ఉండే ఫోన్ గ్రూపులో ఆ యార్డు పేరు రాసి, ‘ఇక్కడ జాగ్రత్త. వీల్‌చైర్ లిఫ్ట్‌కి తప్పుడు మోటారు అంటగట్టారు. పెద్దాయన కింద పడాల్సింది’ అని పెట్టాను. ‘మంచి పని చేశావన్నా, చెప్పి’ అని జవాబులు వచ్చాయి. వాటిని లెక్కపెట్టుకుని చదివాను కూడా.

మర్నాడు అక్క యార్డుకి వెళ్తానంటే నేనే కారులో తీసుకెళ్లాను. వెళ్లనంటే అనుమానం వస్తుందని. కంటైనర్ ముందు నలుగురైదుగురు కొనేవాళ్లు ఉన్నారు. అక్క మోటారు బల్ల మీద పెట్టి, “నంబరు అడక్కుండా ఎలా ఇచ్చావు సియోనే? మా ఆయన పడిపోయుంటే?” అంది.

“అడిగాను సిస్టర్. ఎనిమిది అన్నాడు.”

“మా తమ్ముడు అబద్ధం ఆడడు” అంది అక్క.

సియోనే నా వైపు చూశాడు. కోపంగా కాదు. నేను మాట్లాడతానేమోనని చూశాడు, అంతే. నేను ఫోన్ తీసి ఏదో మెసేజ్ వచ్చినట్టు కిందకి చూశాను. ఆయన మోటారు వెనక్కి తీసుకుని, “సారీ సిస్టర్. ఇకనించి వేరే యార్డు చూసుకోండి” అన్నాడు మెల్లగా. తిరిగొస్తుంటే ఇంటి మలుపు దగ్గర అక్క, “ఇన్నేళ్లలో అతని దగ్గర ఒక్క ముక్క తప్పు రాలేదు” అంది, తనలో తాను.

తర్వాత ఆరు వారాలు వ్యాను కదల్లేదు. అక్క షిఫ్టుల మధ్య ఊళ్లో ఉన్న యార్డులన్నిటికీ ఫోన్లు చేసింది. అలాంటి వ్యాను మా దగ్గర లేదనేవాళ్లు, ఉన్నా లిఫ్ట్ విప్పి అమ్మేశామనేవాళ్లు. శామ్యూల్ గారు ట్యాక్సీ ఎక్కనన్నారు. ఎవరేం చెప్పినా తల అడ్డంగా ఊపేవారు. ఆదివారం పొద్దున్నే మామూలుగా గడ్డం గీయించుకునేవారు, కానీ టై తెస్తే చేత్తో తోసేసేవారు. కూడికకి వెళ్లే మిగతా ఇద్దరు పెద్దవాళ్లదీ అదే పరిస్థితి. నేను ఆల్బనీలో ఆఫీసు నుంచి బస్సులో వస్తూ ప్రతిరోజూ అనుకునేవాణ్ని, ఇవాళ చెప్పేయాలని. ఇంటి ముందు ఆ తెల్ల వ్యాను కనబడగానే వెనక దారిన ఫ్లాట్‌లోకి జారుకునేవాణ్ని. “ఆ సియోనేనే ఇంకోసారి అడగమనొచ్చుగా అక్కని” అని సునీత అంటే కసురుకున్నాను.

ఒక శుక్రవారం సాయంత్రం అక్క తీగ మీద ఆరిన యూనిఫాంలు తీస్తోంది. “బుధవారం వచ్చి బండి తీసుకెళ్తారంట, తుక్కుకి. లిఫ్ట్ లేని వీల్‌చైర్ వ్యాను దేనికి, ఊరికే వాకిలి అడ్డం” అంది. ఆ మాట ఆవిడ గొంతులో ఎంత మామూలుగా వచ్చిందో, అంత భయం వేసింది నాకు. అక్కడే నిలబడి అంతా చెప్పాను. వాన, జిడ్డు, ఎనిమిది, గ్రూపులో పెట్టింది, ఏదీ వదల్లేదు.

ఆవిడ చేతిలో ఉన్న యూనిఫాంని మడతపెట్టింది. మడత సరిగా రాలేదని విప్పి మళ్లీ పెట్టింది. “మా తమ్ముడు అబద్ధం ఆడడని చెప్పాను నేను ఆయనకి. విన్నావా?”

“విన్నానక్కా. అక్కడే ఉన్నాను.”

“ఇప్పుడు నేను నిన్ను తిట్టాననుకో, నీకు తేలికైపోద్ది. తిట్టను.” యూనిఫాంలు బుట్టలో వేసింది. “రేపు పొద్దున యార్డుకి పోదాం. నువ్వు చెప్పాల్సింది నువ్వు చెప్పు. నేను అడగాల్సిన క్షమాపణ నేను అడుగుతా.”

“నువ్వెందుకక్కా? నువ్వేం చేశావు?”

“కాగితం లేకుండా సామాను కొనకూడదని నీకు చెప్పినదాన్ని, కాగితం లేకుండా మనిషిని తప్పుపట్టాను. మనవాడని నిన్ను నమ్మి, పరాయివాడని ఆయన్ని నమ్మలేదు. అది నీ తప్పు కంటే చిన్నదేం కాదు.”

అలాంటి మాట అనగలిగిన మనుషులని నేను జీవితంలో చాలా తక్కువమందిని చూశాను.

శనివారం యార్డు రద్దీగా ఉంది. ఎక్కడో కంప్రెసర్ రొద చేస్తోంది. సియోనే మమ్మల్ని చూసి పని ఆపాడు గానీ పలకరించలేదు. నేను దగ్గరికెళ్లి చెప్పాను. “వినబడలేదు” అన్నాడు. అటు తిరిగి పనివాళ్లకి చెయ్యెత్తి సైగ చేశాడు. కంప్రెసర్ ఆగింది. యార్డంతా నిశ్శబ్దమైపోయింది, అందరూ మా వైపు చూశారు. ఆ నిశ్శబ్దంలో మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ఆయన నంబరు అడిగాడని, నేను చూడకుండా చూశానన్నానని, అక్క ముందు ఆయన మీదకి నెట్టానని. తర్వాత అక్క తన మాట తను చెప్పింది. ఆయన తల్లి దగ్గర కూడా క్షమాపణ అడుగుతానంది, ఎందుకంటే ఆవిడ పెట్టిన పేరునే తను నలుగురిలో చెడగొట్టిందట.

“నీకు తెలుసుగా, ఆ రోజే ఎందుకు గట్టిగా అనలేదు?” అని అడిగింది అక్క చివరికి.

“మీ ఇంటి మనిషి అబద్ధమాడాడని మీ ముందే ఎలా చెప్పను సిస్టర్? తనే చెప్తాడని ఆగాను” అన్నాడు సియోనే. నా వైపు తిరిగి, “చాలాసేపు ఆగాల్సొచ్చింది బ్రో” అన్నాడు. పక్కనున్న పనివాళ్లెవరో నవ్వారు. నాకు ఆ నవ్వు దెబ్బలాగే తగిలింది, మందులాగే పనిచేసింది.

అప్పుడాయన చెప్పాడు. రెండు వారాల క్రితం అదే రకం వ్యాను ఒకటి వచ్చిందట, చిట్టచివరి వరసలో ఉంది, లిఫ్ట్ ఇంకా విప్పలేదు. “సామాను నాది. విప్పేది నువ్వు. ముందు ప్లేటు” అన్నాడు. బురదలో వెల్లకిలా పడుకుని ఆ ప్లేటు తుడిచాను, మా లిఫ్ట్ ప్లేటు మీద అక్క తీసి తెచ్చిన కాగితంతో పోల్చాను. రెండింటికీ చివర ఏడు. తుప్పుపట్టిన బోల్టులు ఒక్కొక్కటీ నూనె తాగించి, ఆగి, మళ్లీ తిప్పి, మోటారు, పళ్లచక్రం విప్పేసరికి సాయంత్రమైంది. అక్క, సియోనే కంటైనర్ మెట్ల మీద కూర్చుని జంతికలు తింటూ నా పని మీద వ్యాఖ్యానం చేశారు. “స్పానర్ అటు కాదు, ఇటు. అది పద్నాలుగు” అని అక్క అరిస్తే, “ఈయన కంప్యూటర్లని ఇలాగే విప్పుతాడా?” అని ఆయన అడిగాడు.

ఆదివారం పొద్దున విప్పి తెచ్చిన మోటారు బిగించాక మొదట నేనే లిఫ్ట్ ఎక్కి ఆరుసార్లు లేచాను, దిగాను. తర్వాత శామ్యూల్ గారి దగ్గరికి వెళ్లి, ఆ ఆదివారం జరిగిందానికి కారణం నేనేనని చెప్పాను. ఆయన నన్ను చూడలేదు, వ్యానునే చూశారు. తర్వాత ఎడమచేత్తో తన మెడ దగ్గర తడుముకున్నారు. టై అని అర్థమైంది. కట్టడం నాకు చేతకాక రెండుసార్లు విప్పాల్సొచ్చింది, ఆయన ఓపిగ్గా గడ్డం పైకెత్తి కూర్చున్నారు.

తర్వాత రెండేళ్లు ఆ బండి ఒక్క ఆదివారం కూడా ఆగలేదు. గ్రేస్‌కి క్రైస్ట్‌చర్చ్‌లో ఉద్యోగం వచ్చాక వాళ్లు అక్కడే రిక్కార్టన్ అనే పేటకి మారిపోయారు. బండిని లారీలో ఎక్కించి పంపమంటే అక్క వినలేదు. రెండు దీవుల మధ్య సముద్రాన్ని ఓడలో దాటించుకుని, ఆ పొడవాటి దారంతా తనే నడుపుకుంటూ వెళ్లింది, వెనక నుంచి ఆయన దారి చెప్తుండగా. నిన్నగాక మొన్న ఫోన్ చేసి, ఈ ఏడు కూడా వారెంట్ వచ్చిందని చెప్పింది. ఊళ్లో ఎన్నో కొత్త బండ్లు చూశాను. ఆ పాత తెల్ల వ్యానుని చూసి గర్వపడ్డట్టు దేన్నీ చూసి గర్వపడలేదు.

ఒకటి మాత్రం మిగిలిపోయింది. మోటారు విప్పిన రోజు బయల్దేరుతుంటే సియోనే, “మీవాళ్లు రావడం మానేశారు. ఇద్దరు ముందే చెప్పి ఉంచిన సామాను కూడా వద్దన్నారు” అన్నాడు, ఫిర్యాదులా కాదు, వాతావరణం చెప్పినట్టు. నేను అక్కడే నిలబడి గ్రూపులో తెలుగులో రాశాను: ‘ఆరు వారాల క్రితం సియోనే గారి యార్డు గురించి నేను రాసింది అబద్ధం. ఆయన నంబరు అడిగారు. నేను చూడకుండా చూశానని చెప్పాను. తప్పు నాది. దానివల్ల ఒక పెద్దాయన వానలో గాలిలో వేలాడారు. సియోనే గారు నిజాయితీ గల మనిషి.’ కింద నా పూర్తి పేరు పెట్టాను. ఈసారి జవాబుల కోసం చూడలేదు.

“ఏం రాశావు?” అన్నాడు సియోనే. ఇంగ్లీషులో చెప్పబోయాను. “కాదు, రాసినట్టే చదువు” అన్నాడు. చదివాను. ఆయనకి ఒక్క ముక్క తెలియదు, అయినా తల వంచి, చేతులు కట్టుకుని, అక్క వైపు చూస్తూ విన్నాడు. అక్క తల ఊపింది. “నా పేరు రెండుసార్లు వచ్చింది” అన్నాడు. “మళ్లీ చదువు.”

మళ్లీ చదివాను. ఇప్పుడు ఊళ్లో తెలుగువాళ్లకి దిగుమతి బండ్ల సామాను కావాలంటే నాకు ఫోన్ చేస్తారు. అక్క వెళ్లిపోయాక ఆ పని నా మీద పడింది, నాకది గొప్పే. ఎవరు అడిగినా నంబరు ఎలా తీయాలో, ఏ యార్డుకి వెళ్లాలో చెప్పేముందు ఆ మెసేజ్‌ని వాళ్లకి పంపిస్తాను. ‘ముందు ఇది చదవండి. చదివాక కూడా నా మాట మీద నమ్మకం ఉంటే శనివారం పొద్దున తొమ్మిదికి రండి, నేనే తీసుకెళ్తాను’ అని రాస్తాను. ఇంతవరకు రానివాళ్లు లేరు. కొందరు దారిలో దాని గురించి అడుగుతారు. అడిగిన ప్రతిసారీ మొదటి నుంచి చెప్తాను.